ఎనిమిది గెలిచినవాడి పేరు

ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని పేర్లు పిలవడం.
మల్లుడు పట్టుకి దిగేటప్పుడు
వాడి టోపీ నా చేతికొస్తుంది,
వాడి పేరు నా గొంతుకొస్తుంది.
డేగ, గద్ద, ఏనుగు, సింహం:
ఎన్ని గెలిస్తే అంత బిరుదు.
ఏనుగుకి పైన, సింహానికి కింద
ఇంకో మెట్టుంది. గరిద్.

ఎనిమిదిమందిని మట్టి కరిపించి
తొమ్మిదోవాడి చేతిలో ఓడినవాడికి దక్కుతుందది.
ఈ నాదమ్‌లో మా దాంబదర్జాకి దక్కింది.
గెలిచినవాడి చంక కింద నుంచి వంగి నడిచాడు,
ఆచారం కదా.
మెడ నిండా నలిగిన గడ్డి.
టోపీ పెడుతూ చెవిలో అన్నాను, "గరిద్!"
"రెండోవాడనేగా దానర్థం" అన్నాడు.

త్సెత్సెర్లెగ్ దాకా జీపులో ఇంకెవరూ మాట్లాడలేదు,
డ్రైవరు సొద్నోమ్ తప్ప.
"గరిద్ అంటే సిమెంటు అన్నా.
మా బావ ఇల్లు దాంతోనే లేచింది.
బస్తా మీద ఇంతేసి రెక్కలుంటాయి."

గుడారంలో ముసలావిడ, వాడి తల్లి,
పాలు తోడుతున్న గరిటె ఆపి,
"పొద్దుపోయాక ఆ పేరెత్తకండి" అంది.
"లోపలికి పామొస్తే నెత్తిన పాలు చిలకరించి
చుట్టాన్ని పంపినట్టు పంపాలి.
ఆ పేరు దాని చెవిన పడితే
బెదిరి దూడల కాళ్ల కింద దూరుతుంది."

మర్నాడు మఠంలో లామాని అడిగాను.
"మన మాట కాదురా అది.
మంచు గోడకి అవతల, దక్షిణాన,
చెమట పట్టే దేశాల మాట.
ఒంటెల మీద వచ్చింది. ఎడారిలో తోక రాలిపోయింది.
అక్కడివాళ్లలో కొందరు చివర్న పెదాలు గుండ్రంగా చుట్టి
నిండుగా పలుకుతారట.

మింగేవాడు, అంటారొకరు. పాముల్ని, ఆకలేస్తే ఇంకా దేన్నైనా.
రెక్కలవాడు, అంటారు ఇంకొకరు.
బరువుతో ఎగిరినవాడని మరో కథ.
వాలిన కొమ్మ విరిగింది,
దానికి తలకిందులుగా బొటనవేలంత మునులు.
దించితే చస్తారు. దించడానికి చోటేది?
కొమ్మ ముక్కున కరుచుకుని కొండ కొండా తిరిగాడు.
అప్పుడు వాళ్లే పెట్టారట ఆ పేరు."

"ఇందులో ఏది నిజం?"
లామా నవ్వాడు, లోపల ఒక్క పన్నూ లేదు.
"నమలలేనివాణ్ణి. నాకు మొదటిదే దగ్గర."

నేను మాత్రం ఆ తెల్లచావు ఏడాది దగ్గర ఆగిపోయాను.
మంద మంద నిలబడ్డచోటే బిగుసుకుపోయిన చలి.
పదహారేళ్ల దాంబదర్జా
ఊపిరున్న ఒక్క దూడని మెడచుట్టూ వేసుకుని
తామిర్ నది గడ్డ మీద నడిచొచ్చాడు.
ఎక్కడ దించినా మంచే.
ఇంటికొచ్చాకా దించలేదు, మేమే విడదీశాం వేళ్లని.

ఇది వాడికి చెప్పలేదు.
ఏమని చెప్పను? దూడ ఆ రాత్రే పోయింది.

సాయంత్రం వాడి కూతురు మర్గద్
నోట్లో ఎండుపెరుగు ముక్కతో వచ్చింది.
ఏడేళ్లది, దీనికీ ముందు పళ్లు లేవు.
(నీ పేరూ అటు నుంచే వచ్చింది పిల్లా,
పచ్చరాయి అని అర్థం, అన్నాడు లామా.
"రాయా?" అని మూతి ముడిచింది.)
"తాతా, నన్ను పిలువు, నాన్నని పిలిచినట్టు."
అని చేతులు చాపి,
మోకాళ్లు వంచి, దుమ్ములో
ఆ పక్షి ఆట మొదలెట్టింది.
కట్టేసిన మేకపిల్ల తాడు తెంపుకోబోయింది.
జీపు కింద పడుకుని ఏదో బిగిస్తున్న దాంబదర్జా
తల బయటపెట్టి చూశాడు.

దాని టోపీ, ఉన్ని టోపీ, చేతిలోకి తీసుకున్నాను.
మైదానంలో వేలమంది ఉన్నట్టే
గొంతు చించుకుని పిలిచాను,
గరిద్.

ఎదుటి కొండ కాసేపు ఆలోచించి
సగమే తిరిగిచ్చింది.
రిద్, అంది.
ఆ సగానికే పిల్ల ఇంకో చుట్టు తిరిగింది.